తెలకపిండి, సోయా, కనోలా: ఉత్తరాంధ్ర కోళ్ల మేతలో మాంసకృత్తుల జత

నూనెగింజను గానుగలో ఆడించి నూనె పిండగా మిగిలినదాన్ని తెలుగువారు పిండి అంటారు, చెక్క అంటారు. నువ్వుల నుంచి వచ్చినదానికి మాత్రం తెలకపిండి అని ప్రత్యేకంగా పేరు పెట్టుకున్నారు. గానుగ ఆడించడం కులవృత్తిగా గల తెలికలవారి పేరుకూ ఈ మాటకూ ఉన్న చుట్టరికం వింటేనే తెలుస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఈ పిండిని పారవేయదగిన పదార్థంగా ఎన్నడూ చూడలేదు. బాలింతకు పాలు పడతాయని మునగాకు కలిపి కూర వండి పెట్టారు, పాడి పశువుకు నానబెట్టి కుడితిలో కలిపి పోశారు, ఆ గిన్నెనో తొట్టినో కడిగేటప్పుడు రాలిన పలుకులను పెరటి కోళ్లు ఏరుకున్నాయి. ఆ పలుకుల విలువ ఎంత, దానిని లెక్కగా ఎలా వాడుకోవాలి, ఎక్కడో కెనడాలో పండే కనోలా అనే ఆవజాతి గింజ పిండి ఈ విషయంలో ఉత్తరాంధ్ర కోళ్ల రైతుకు ఏం నేర్పగలదు అన్నవి ఈ ఉపన్యాసానికి విషయాలు.

కోళ్ల పెంపకంలో మొత్తం ఖర్చులో మూడింట రెండు వంతులకు పైగా మేతకే పోతుంది. ఆ మేతలో శక్తినిచ్చే భాగం మొక్కజొన్న, నూకలు, తవుడు వంటివి. శరీరాన్ని కట్టే భాగం మాంసకృత్తులు. మొదటి భాగానికి ఉత్తరాంధ్రలో లోటు లేదు, ఎందుకంటే వరి కోసిన మళ్లలో రబీలో మొక్కజొన్న వేయడం రెండు జిల్లాల్లోనూ అలవాటుగా మారింది, బియ్యం మిల్లుల తవుడు ఎటూ ఉన్నదే. లోటు ఉన్నదల్లా రెండవ భాగంలోనే. మొక్కజొన్నలో మాంసకృత్తులు నూటికి 9 పాళ్లకు మించవు. గుడ్లు పెట్టే కోడికి మేతలో నూటికి 16, 17 పాళ్లు కావాలి. ఈ తేడాను పూడ్చే బరువంతా నేడు సోయా పిండి మీదనే పడుతున్నది.

కోళ్ల పరిశ్రమ మాట వచ్చినప్పుడు ముందుగా స్మరించవలసిన తెలుగువారు బండా వాసుదేవరావు. ఆయన 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించి, దేశంలో కోళ్ల పెంపకాన్ని పెరటి పని నుంచి పరిశ్రమ స్థాయికి తెచ్చారు. 1982లో రైతులను కూడగట్టి జాతీయ గుడ్ల సమన్వయ సంఘాన్ని నిలబెట్టారు. అప్పటిదాకా గుడ్డు ధర చెప్పేవాడు వ్యాపారి, ఒప్పుకునేవాడు రైతు. ఆ వరుసను తిరగవేసి, ధర ప్రకటించే హక్కును రైతు చేతికి తేవడం ఆయన చేసిన పనుల్లోకెల్లా పెద్దది. అయితే గుడ్డు ధర చెప్పగలిగిన రైతు మేత ధర మాత్రం ఈనాటికీ చెప్పలేకపోతున్నాడు. పదివేల లేయర్ కోళ్లు, అంటే గుడ్ల కోసం పెంచే కోళ్లు, ఉన్న షెడ్డును లెక్కకు తీసుకుంటే, కోడికి రోజుకు 110 గ్రాముల చొప్పున 1,100 కిలోల మేత పడుతుంది. అందులో ఐదో వంతు సోయా పిండి అనుకుంటే రోజుకు 220 కిలోలు. సోయా కిలోకు పది రూపాయలు పెరిగిందంటే, కోళ్లు ఒక్క గుడ్డు ఎక్కువ పెట్టకుండానే, ఆ షెడ్డు మీద రోజుకు 2,200 రూపాయల భారం అదనంగా పడుతుంది.

ఇది ఊహించి చెప్పిన లెక్క కాదు. 2021 వేసవిలో సోయా పిండి ధర దేశమంతటా అంతకు ముందెన్నడూ ఎరగని ఎత్తుకు పోయింది. ఆ ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం, అప్పటిదాకా వద్దంటూ వచ్చిన జన్యుమార్పిడి సోయా పిండిని 12 లక్షల టన్నుల మేర దిగుమతి చేసుకోవడానికి అనుమతి ఇవ్వవలసి వచ్చింది. సోయా ఉత్తరాంధ్ర పంట కాదు; అది ప్రధానంగా మధ్యప్రదేశ్, మహారాష్ట్ర నల్లరేగళ్లలో పండుతుంది. అక్కడ వానలు వెనకబడితే ఇక్కడ చీపురుపల్లిలోనో రాజాంలోనో షెడ్డు నడిపే రైతు నష్టపోతాడు. ఒకే గింజ మీద ఆధారపడటంలోని ప్రమాదం ఇదే, కనోలాను గురించి తెలుసుకోవలసిన అవసరం కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

కనోలా కొత్త మొక్క కాదు, పాత మొక్కకు పట్టిన కొత్త గుణం. ఆవాల కుటుంబంలో రేప్ అనే నూనెగింజ ఒకటున్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఓడల ఆవిరి యంత్రాలకు కందెనగా దాని నూనె బాగా పనికివచ్చినందువల్ల కెనడాలో దాని సాగు ఒక్కసారిగా పెరిగింది. యుద్ధం ముగిశాక ఆ గింజను ఏం చేయాలో తెలియని స్థితి వచ్చింది. తినడానికి రెండు అడ్డంకులున్నాయి. నూనెలో దాదాపు సగం ఎరుసిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం. దానిని ఎక్కువగా తిన్న ప్రయోగశాల జంతువుల గుండె కండరంలో కొవ్వు పేరుకున్నది. పిండిలో గ్లూకోసినొలేట్లు అనే గంధకపు పదార్థాలు. ఆవపిండి నీళ్లలో తడిసినప్పుడు ముక్కుకెక్కే ఘాటు వీటి నుంచి పుట్టేదే. గింజ నలిగినప్పుడు అందులోనే ఉండే ఒక ఎంజైము వీటిని విడగొట్టగా పుట్టే పదార్థాలు కోడి మెడలోని థైరాయిడ్ గ్రంథిని అయోడిన్ వాడుకోనివ్వవు. గ్రంథి ఉబ్బుతుంది, పిల్లల ఎదుగుదల మందగిస్తుంది, లేయర్ కోళ్లలో కాలేయంలో రక్తస్రావమై ఉన్నట్టుండి చనిపోవడం కూడా కద్దు.

ఈ రెండు దోషాలనూ తీసినవారు ఇద్దరు వంగడాల రూపకర్తలు: మానిటోబా విశ్వవిద్యాలయంలోని బాల్డర్ స్టెఫాన్సన్, సాస్కటూన్‌లోని కీత్ డౌనీ. వారు చేసినది కొత్త గుణాన్ని కల్పించడం కాదు, ప్రకృతిలో ఎక్కడో దాగిన గుణాన్ని వెతికి పట్టుకోవడం: ఎరుసిక్ ఆమ్లం తక్కువగా ఉండే గుణం లీహో అనే జర్మన్ పశుగ్రాస రకంలో దొరికింది, గ్లూకోసినొలేట్లు తక్కువగా ఉండే గుణం బ్రొనోవ్‌స్కీ అనే పోలిష్ రకంలో దొరికింది. వేలకొలది గింజలను, ఒక్కొక్క గింజలో సగం కోసి పరీక్షించి, మిగతా సగాన్ని మొలకెత్తించే ఓపికతో ఈ గుణాలను వేరుపరచి, సంకరం చేసి, రెండూ తగ్గిన మొదటి రకం టవర్‌ను 1974లో విడుదల చేశారు. 1978లో ఈ గుణమున్న గింజకు కనోలా అన్న పేరు స్థిరపడింది. నూనెలో ఎరుసిక్ ఆమ్లం నూటికి 2 పాళ్లకు లోపు, నూనె తీసిన పిండిలో గ్లూకోసినొలేట్లు గ్రాముకు 30 మైక్రోమోళ్లకు లోపు ఉండాలన్నది దానికి గల నిర్వచనం. జన్యుమార్పిడి కనోలా రకాలు ఆ తరువాత రెండు దశాబ్దాలకు వచ్చాయి. పిండిని కోడికి పనికివచ్చేలా చేసిన గుణానికీ జన్యుమార్పిడికీ సంబంధం లేదన్నది ఇక్కడ స్పష్టంగా చెప్పవలసిన మాట, ఎందుకంటే ఈ రెంటినీ కలగలిపి భయపడటం మన చర్చల్లో తరచుగా వినిపిస్తున్నది.

ఆ పిండి గుణమేమిటి? మాంసకృత్తులు నూటికి 36 నుంచి 38. సోయా పిండిలో 44 నుంచి 48. పీచు సుమారు 12 పాళ్లు, సోయాకు దాదాపు రెట్టింపు. గింజ చిన్నది కావడం, దాని పొట్టు పిండిలోనే ఉండిపోవడం దీనికి కారణాలు. పీచు పెరిగితే శక్తి తగ్గుతుంది: కిలో కనోలా పిండి నుంచి కోడి సుమారు 2,000 కిలోకేలరీలే రాబట్టుకోగలదు. అందువల్ల కనోలా కలిపిన మేతలో ఆ వెలితిని నూనెతోనో మొక్కజొన్నతోనో పూడ్చాలి. బ్రాయిలర్లకు చివరి వారాల మేతలో నూటికి 10 నుంచి 20 పాళ్ల దాకా, లేయర్లకు ఇంచుమించు అంతే, ఇబ్బంది లేకుండా వాడవచ్చునని అనేక దేశాల అనుభవం. గోధుమరంగు గుడ్లు పెట్టే కొన్ని జాతుల్లో మాత్రం, కనోలాలోని సైనపిన్ అనే పదార్థం వల్ల గుడ్డుకు చేపవాసన పట్టేది. ఆ కోళ్లలో ట్రైమిథైలమైన్‌ను విరిచే ఎంజైము లోపించడం దీనికి మూలమని తేలింది. మన షెడ్లలోనివి తెల్ల గుడ్ల లెగ్‌హార్న్ సంతతి కోళ్లు గనుక ఉత్తరాంధ్రకు ఆ బెంగ లేదు.

మాంసకృత్తుల శాతం చూసి పిండిని కొనడం ఇంకా మనలో పోని అలవాటు. కోడికి కావలసినది నిజానికి మాంసకృత్తులు కాదు, అవి అరిగినప్పుడు విడివడే ఆమైనో ఆమ్లాలు. ఇవి ఇరవై దాకా ఉన్నా, మొక్కజొన్న మేతలో కరువయ్యేవి ముఖ్యంగా రెండు: ఈకలకూ గుడ్డుకూ అవసరమైన మెథియొనిన్, కండరానికి అవసరమైన లైసిన్. ఈ రెండూ కావడికి రెండు కొసల కుండల వంటివి; ఒక కుండ ఎంత నిండినా రెండోది వెలితిగా ఉంటే నడక సాగదు. వెలితిని పట్టించుకోకుండా మాంసకృత్తులనే పెంచుతూ పోతే, వాడుకోలేని భాగాన్ని కోడి యూరిక్ ఆమ్లంగా మార్చి విసర్జిస్తుంది. లిట్టర్ తడుస్తుంది, షెడ్డులో అమ్మోనియా కళ్లు మండిస్తుంది, వైశాఖపు ఎండలో కోడి ఒంటి వేడి మరింత పెరుగుతుంది. సోయా పిండిలో లైసిన్ పుష్కలం, నూటికి సుమారు 2.8, మెథియొనిన్ తక్కువ, సుమారు 0.6. కనోలా పిండిలో లైసిన్ 2.0, మెథియొనిన్ 0.7 చొప్పున ఉంటాయి. మాంసకృత్తులు తక్కువైనా కావడి కొంత సమంగా నిలవడం వల్లనే కనోలాకు ఆ ఆదరణ.

ఇక్కడ కనోలా పండదు, దిగుమతి పిండి తీరప్రాంతపు రైతుకు గిట్టుబాటు కావడమూ కష్టమే. దానికి దగ్గరి బంధువు ఆవపిండి. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెట్టగానే వంటింటి నూనె మారిపోతుంది. ఇవతల ఆవాలు తిరగమోతకు, ఊరగాయకు మాత్రమే, అవతల ఆవనూనె రాజ్యం. తెలుగు సీమకు ఉత్తరపు సరిహద్దు ఒక విధంగా ఆవ సరిహద్దు కూడా. అందువల్ల ఆవపిండి అందుబాటు పెద్ద చిక్కు కాదు, దాని గుణమే అసలు చిక్కు: భారతీయ ఆవాల్లో గ్లూకోసినొలేట్లు కనోలా హద్దుకు నాలుగు రెట్లు కూడా ఉండవచ్చు. ఘాటుకు కోళ్లు మేతను ముక్కుతో చెదరగొట్టి వదిలేస్తాయి. దీనిని లేయర్ల మేతలో నూటికి ఐదారు పాళ్లకు మించనివ్వకపోవడమే మంచిది, చిన్న పిల్లల మేతలో అసలు కలపకూడదు. పూసా డబుల్ జీరో మస్టర్డ్ 31 వంటి రెండు దోషాలూ తగ్గిన దేశీయ రకాలు 2016 నుంచి వెలువడుతున్నాయి. వాటి గింజను విడిగా సేకరించి విడిగా ఆడించే ఏర్పాటు జరిగిన నాడు ఆవపిండికి కోళ్ల మేతలో అసలైన స్థానం దొరుకుతుంది.

ఉత్తరాంధ్ర తన నేల మీద చూసుకోవలసినది నువ్వును. మే నెల వానలకు పునాసగా, శీతాకాలం చివర వేసవి పంటగా నువ్వును వేయడం ఈ ప్రాంతపు పాత పద్ధతి. పొరుగున ఉన్న యలమంచిలి వ్యవసాయ పరిశోధన స్థానం గౌరి, మాధవి మొదలుకొని యలమంచిలి 66 దాకా అనేక రకాలను ఈ నేలలకే రూపొందించింది. తెలకపిండిలో మాంసకృత్తులు నూటికి 40 పైచిలుకు. గానుగ పిండిలో నూనె ఎక్కువగా మిగులుతుంది గనుక కొంత తక్కువ. దాని ప్రత్యేకత మెథియొనిన్, నూటికి సుమారు 1.15, అంటే సోయాకు దాదాపు రెట్టింపు. దాని లోపం లైసిన్, సుమారు 1.0, అంటే సోయాలో మూడో వంతు. సోయా కుండ నిండినచోట తెలకపిండి కుండ వెలితి, తెలకపిండి నిండినచోట సోయా వెలితి. రెండు పాళ్లు సోయాకు ఒక పాలు తెలకపిండి కలిపి లెక్క కడితే, ఆ మిశ్రమంలో లైసిన్ 2.2, మెథియొనిన్ 0.8 వస్తాయి. కనోలా అంకెలు 2.0, 0.7 అని పైన చెప్పుకున్నాం. కెనడాలో ఒకే గింజలో దొరికిన సర్దుబాటును, ఉత్తరాంధ్రలో రెండు గింజల జతతో చేసుకోవచ్చునన్న మాట; పైగా ఈ జతలో మాంసకృత్తుల శాతం కనోలాకంటె హెచ్చు. ఈ ఉపన్యాసం ముందుకు తేదలచిన ప్రతిపాదన ఇదే.

తెలకపిండిలోనూ తీయవలసిన ముళ్లు ఉన్నాయి, వాటిని దాచి సలహా ఇవ్వడం రైతుకు ద్రోహం. నువ్వులో ఫైటిక్ ఆమ్లం చాలా ఎక్కువ. అది భాస్వరాన్ని తనలో బంధించుకోవడమే గాక, మేతలోని జింకును కూడా పట్టుకుని కోడికి అందనివ్వదు. తెలకపిండిని ఒక్కదాన్నే నమ్ముకుని మేపిన పిల్లల్లో కాళ్ల కీళ్లు ఉబ్బడం, ఈకలు చిట్లడం, ఎదుగుదల ఆగడం జింకు లోపపు గుర్తులే. పొట్టుతో ఆడించిన నువ్వుల పిండిలో సున్నం దండిగా కనిపిస్తుంది, కాని ఆగ్జలేట్ అనే పదార్థం దానిలో చాలా భాగాన్ని కరగని రూపంలో బిగించి ఉంచుతుంది. ఆ అంకెను చూసి మేతలో ఆల్చిప్పల పొడి తగ్గించినవారికి గుడ్డు పెంకు పలచబడుతుంది. ఫైటిక్ ఆమ్లాన్ని విరిచే ఫైటేజ్ ఎంజైమును, జింకు ఉప్పును మేతలో చేర్చితే ఈ చిక్కులు చాలావరకు తీరుతాయి. రెండూ కోళ్ల మందుల దుకాణాల్లో దొరికేవే. ఎంత చేసినా తెలకపిండి మేతలో నూటికి ఏడెనిమిది పాళ్లు దాటకపోవడం క్షేమం.

పిండిని ఎన్నుకోవడం కూడా ఒక విద్య. నూనె పిండే యంత్రమైన ఎక్స్‌పెల్లర్‌లో మరీ వేడెక్కిన పిండి నల్లబడి మాడువాసన వేస్తుంది. ఆ వేడికి లైసిన్ చక్కెరలతో బిగుసుకుపోయి, పరీక్షలో కనిపించినా కోడి కడుపులో విడివడదు. మొదటే లైసిన్ తక్కువైన తెలకపిండికి ఇది మరింత దెబ్బ. మంచి పిండి విరిచినప్పుడు పెళుసుగా విరగాలి, లేత గోధుమ రంగో బూడిద రంగో ఉండాలి, నాలుక మీద కమ్మదనం ముందు, చిరుచేదు తరువాత తెలియాలి. గుప్పెడు పొడిని గాజు గ్లాసు నీళ్లలో కలిపి తేరనిస్తే ఇసుక ఉన్నదీ లేనిదీ అడుగున కనిపిస్తుంది. మన్యంలో దొరికే ఇప్పచెక్క, కానుగచెక్క చూపుకు చవకే అయినా, మొదటిదానిలో చేపలను చంపగల సపోనిన్లు, రెండవదానిలో చేదు విషపదార్థాలు ఉన్నందువల్ల కోళ్ల మేత దగ్గరికి రానివ్వకూడదు. వలిసె పిండి అలా కాదు, వాడదగినదే. పీచు మాత్రం ఎక్కువ.

అన్నిటికంటె పెద్ద శత్రువు తేమ. పునాస నువ్వు కోతకు వచ్చేది వానాకాలంలో, తుపానులు తీరాన్ని తాకేది ఆశ్వయుజ కార్తికాల్లో. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తరువాత తడిసిన మేతల గతి రెండు జిల్లాల రైతులూ చూసినదే. తేమ వెంట వచ్చేది బూజు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు వరసగా చనిపోయినప్పుడు, కారణం వెదకగా, దిగుమతైన వేరుశనగ పిండికి పట్టిన బూజు విషం బయటపడింది. అఫ్లటాక్సిన్ అన్న పేరు అలా పుట్టినదే. ఆ విషం వేడికి చావదు, ఉడికించినా పోదు. పిండి బస్తాలను నేలకు జానెడు ఎత్తున చెక్కల మీద, గోడకు ఎడంగా నిలబెట్టి, పాతది ముందు వాడి కొత్తది వెనక వాడటం ఖర్చులేని రక్షణ.

పెద్ద షెడ్ల అవసరమంతా తీర్చేటంత తెలకపిండి ఈ జిల్లాల్లో ఉత్పత్తి కాదు. మనుషులూ పశువులూ పోటీ పడే పిండి గనుక ధర కూడా ఎల్లప్పుడూ సోయాకంటె తక్కువగానే ఉంటుందని లేదు. పెద్ద షెడ్డుకు అది సోయా ధర మండిన నెలల్లో పట్టుకునే కొమ్మ మాత్రమే. దాని అసలు స్థానం పెరట్లో. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ వంటి పెరటి జాతులు నాటు కోడికంటె ఎన్నో రెట్లు గుడ్లు పెట్టగలవు, కాని ఆ శక్తి బయటపడాలంటే గంప కింద చల్లే నూకలు చాలవు. వెనకటి ఇల్లాలు చెదలు పట్టిన మట్టిపెళ్లలు తెచ్చి కోడిపిల్లల ముందు పగలగొట్టడంలో మాంసకృత్తుల శాస్త్రమే ఉన్నది. ఆమెకు పేరు తెలియదు గాని పని తెలుసు. నేడు అదే పనికి పది కిలోల మేత ఇలా కలుపుకోవచ్చు: చోళ్లు, నూకలు, మొక్కజొన్న కలిపి ఆరు కిలోలు, తవుడు రెండు కిలోలు, తెలకపిండి ముప్పావు కిలో, ఎండు చేపల పొడి ముప్పావు కిలో, ఆల్చిప్పల పొడి అరకిలో, చిటికెడు ఖనిజ లవణ మిశ్రమం. ఇందులో మాంసకృత్తులు నూటికి 14 పాళ్ల దరిదాపుల్లో ఉంటాయి. తిరిగి మేసే కోడికి అవి చాలు. ఇక్కడ సోయా లేనే లేదు. చేపలో లైసిన్ పుష్కలం గనుక, రెండో కుండను శ్రీకాకుళం సముద్రమే నింపుతున్నది. అయితే ఆ చేప ఉప్పు వేయకుండా ఎండినదై ఉండాలి; ఉప్పుచేప పొడి కోళ్లకు విషంతో సమానం.

గరివిడిలో పశువైద్య కళాశాల ఉన్నది, నైరాలో వ్యవసాయ కళాశాల ఉన్నది. ఒక్కొక్క ఊరి గానుగ నుంచి, ఒక్కొక్క మిల్లు నుంచి, పునాస పిండీ వేసవి పిండీ విడివిడిగా తెప్పించి, వాటి లైసిన్, మెథియొనిన్, ఫైటిక్ ఆమ్లం, తేమ కొలిచి, ఆ అంకెలను తెలుగులో రైతుకు అందజేయడం ఈ రెండు సంస్థల విద్యార్థులకు తగిన పని. స్టెఫాన్సన్, డౌనీ గింజ గింజనూ కోసి చూసిన ఓపికలో పదో వంతు చాలు. ఆ అంకెలు వచ్చేదాకా రైతు తానే చేయగల పరీక్ష ఒకటున్నది. కొత్త పిండి వచ్చినప్పుడు షెడ్డులో ఒక మూల యాభై కోళ్లను వేరుచేసి, రెండు వారాలు వాటికే ఆ మేత వేసి, రోజూ తిన్నదెంత, పెట్టిన గుడ్లెన్ని, గుడ్డు బరువెంత, పెంకు ఎంత గట్టిగా ఉన్నది అని ఒక నోటు పుస్తకంలో రాసుకుని, పక్క వరుసలోని పాత మేత కోళ్లతో పోల్చి చూసి, ఆ తరువాతనే మిగతా బస్తాల మూతి విప్పాలి.